గండికోట రెండో అచ్చు

ఫిబ్రవరి 10, సోమవారం

షాపు బోర్డు మీద ఈ వారం కార్డుల ధరలు రాశాను. గండికోట ఆరున్నర వేలు. తుంగభద్ర మూడు వేల ఎనిమిది వందలు. ఏనుగుల దండు ఇరవై రూపాయలు, దాన్ని ఎవరూ అడగరు, అయినా రాస్తాను.

మధ్యాహ్నం క్రాంతి కుమార్ ఫోన్ చేశాడు. మన రెండు జిల్లాలకీ 'దుర్గం' ఆట కార్డుల పెట్టెలు పంపేది ఆయనే. ఏవేవో చెప్పాడు. గండికోట విషయంలో కంపెనీవాళ్ళు ఏదో ఆలోచిస్తున్నారట. "పాత సరుకు ఉంటే కదిలించుకోండి మేడమ్. పైకి మాత్రం ఏమీ అనొద్దు" అన్నాడు. ఇలాంటివి నెలకొకటి చెబుతుంటాడు.

పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

గండికోట ఒకటి పోయింది. గాబ్రియేలన్న తీసుకున్నాడు.

ముప్పై ఏళ్ళు రాయచోటి బస్సులో కండక్టరుగా తిరిగి రిటైరైన మనిషి, ఆరు నెలలుగా అద్దాల బీరువా ముందు నిలబడి ఆ ఒక్క కార్డునే చూసి పోతున్నాడు. పళ్ళు కట్టించుకోవడానికి దాచుకున్న డబ్బట. "పండ్లదేముందిలేమ్మా, ఇంగో సంవత్సరం సంగటి తింటా" అని నవ్వాడు. పై వరసలో మూడు లేవు.

"మల్లా అచ్చెయ్యరు కదా?" అని అడిగాడు.

"పెట్టె మీదే రాసుంది కదన్నా, మొదటి అచ్చులో మాత్రమే అని" అన్నాను.

అబద్ధం కాదు. పెట్టె మీద అలాగే ఉంది.

ఆరు వేలకే ఇచ్చాను. ఆయన అడగలేదు, నాకే తగ్గించాలనిపించింది. పెద్దాయన కదా. కార్డులకు వేసుకునే ప్లాస్టిక్ తొడుగుల కట్ట కూడా ఊరికే ఇచ్చాను.

ఫిబ్రవరి 13

క్రాంతి కుమార్ ఖాయంగా ఏమీ చెప్పలేదు. 'ఆలోచిస్తున్నారు' అన్నాడు, అంతే.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ రోజు బల్ల చుట్టూ పదకొండు మంది. కుర్చీలు చాలక ఇద్దరు పాఠ్యపుస్తకాల కట్టల మీద కూర్చున్నారు. ఆ కట్టలు అమ్ముడుపోయే రోజులు ఎలాగూ అయిపోయాయి, కనీసం పీటలుగా పనికొస్తున్నాయి. ఫిలాసఫీ చదివే పిల్లలు లేరని కాలేజీవాళ్ళు నన్ను ఇంటికి పంపినప్పుడు ఈ షాపు పెట్టాను. పుస్తకాలు కొనేవాళ్ళు ఫోన్లలోకి వెళ్ళిపోయినప్పుడు ఈ కార్డులు వచ్చాయి. నేను ఎవరికీ ఆట నేర్పలేదు, నేనూ ఆడను. కానీ ఆదివారం పదకొండు మంది వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంటారు. కర్నూలులో ఇంకెక్కడ కూర్చుంటారు?

గాబ్రియేలన్న మొదటిసారి గండికోట దించాడు. అది బల్ల మీద పడితే అవతలివాళ్ళ దండు ఒక వంతు కదలకుండా ఆగాలి. అవతల జెస్సీ. ఓర్వకల్లు దగ్గర సచివాలయంలో ఏఎన్ఎం, సెలవు రోజున కూడా సూది వేసినట్టే ఆడుతుంది.

"ఏంది మామా ఇది, మన సీమ కోటను తెచ్చి మన మీదికే ఎక్కిస్తాండావు?"

"టికెట్ లేకుండా ఎక్కితే గండిలో దించుతా. కూచ్చో ఆడనే."

"మూడు పండ్లు పెట్టి కొనుక్కున్యావు, ఈ మాత్రం కొరకపోతే ఎట్లలే!"

బల్లంతా నవ్వింది. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. గెలిచాడు కూడా. నేను లోపలికి వెళ్ళి అల్మారా సర్దాను. సర్దడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

ఉమామహేశ్ ఉపవాసం, నాకు తలనొప్పి. "అట్టముక్కకు ఆరు వేలేంది? వాళ్ళకు బుద్ధి లేదా, మీకు సిగ్గు లేదా?" అన్నాడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నా భర్త అడిగిన ప్రశ్నల్లో ఇదొక్కటే ఫిలాసఫీకి దగ్గరగా ఉంది.

షాపు బయట వేలాడే నల్లబోర్డు నాన్నది. కోసిగిలో వేరుశనగ విత్తనాల కొట్టు ముందు ఉండేది. అదను ముందు నాన్న మూట విప్పి వంద గింజలు తడిగోనెలో చుట్టేవాడు. నాలుగో రోజు రైతుల ముందే విప్పి, మొలకలు లెక్కపెట్టి బోర్డు మీద రాసేవాడు: వందకు ఎనభై ఆరు. వందకు తొంభై. ఆ తర్వాతే అమ్మకం. ఒక ఏడు వందకు నలభై ఒకటి అని రాసి, దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. ఎవరూ కొనలేదు. ఆ ఏడే మేం మూటలు కట్టుకుని బెంగళూరు పనులకు పోయాం. రెండు సంగతులూ అమ్మ ఒకే గొంతుతో చెప్పేది. మెచ్చుకోలో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ కథ బల్ల దగ్గర చాలాసార్లు చెప్పాను. ఇది మా నాన్న తిమ్మయ్య గారి బోర్డు అని చెప్పి ధరలు చూపిస్తాను. జనానికి బాగా నచ్చుతుంది.

మార్చి 4, మంగళవారం

కంపెనీ ప్రకటించింది. గండికోట రెండో అచ్చు, ఏప్రిల్‌లో. కార్డు నూట యాభై రూపాయలు.

మార్చి 5

పొద్దున్నే జెస్సీ ఫోన్. గొంతులో పండగ. "అక్కా, నూట యాభైకే గండికోట! నాకు రెండు పక్కన పెట్టు. ఇన్నాళ్ళు బీరువా అద్దంలోనే చూస్తాంటి."

పదకొండింటికి ఈరేష్ వచ్చాడు. బస్టాండ్ దగ్గర ఫోన్లు రిపేరు చేసుకునే మనిషి, పెళ్ళయి ఇద్దరు పిల్లలు. జనవరిలో నా దగ్గరే మూడు గండికోటలు కొన్నాడు, ఆడటానికి కాదు, ధర పెరిగితే అమ్ముకోవడానికి. మూడూ కౌంటరు మీద పరిచాడు.

"ఇప్పుడు ఎంతకు తీసుకుంటావక్కా?"

"ఇప్పుడు ఎవరు తీసుకుంటారప్పా?"

"మా యమ్మ గుంటూరు పోయి మిరపకాయలు కోసిన దుడ్లక్కా ఇవి. కోసిగి నుంచి రైలెక్కి పోయి, రెండు నెల్లు టార్పాలిన్ల కింద పండుకొని తెచ్చింది. దాచిపెట్టరా అంటే నేను ఈ రకంగా దాచిపెట్టినా."

కంపెనీ మోసం చేసింది అన్నాను. చాలా గట్టిగా అన్నాను. ఈ అరుపు ఎవరిని నమ్మించడానికో తెలియలేదు.

రెండో అచ్చు తప్పా? జెస్సీ గొంతు వింటే కాదనిపిస్తుంది. ఆడుకునే వస్తువు ఆడేవాళ్ళకు దొరకాలి. ఒకడు దాచుకుంటే విలువ పెరిగేది ఆట వస్తువెలా అవుతుంది? ఇలా రెండు పేజీలు రాయగలను, క్లాసులో చెప్పినట్టు. రాయాల్సింది ఇది కాదు.

మార్చి 9, ఆదివారం

ఆరుగురే వచ్చారు. గాబ్రియేలన్న వచ్చాడు. గండికోట ఆడాడు. ఏమీ అనలేదు. "టీ చెప్పమ్మా" అన్నాడు, అంతే.

మార్చి 16

ఏమీ అనలేదు.

మార్చి 23, ఆదివారం. కడప

కడపలో పోటీ. కల్యాణమండపంలో నలభై మంది. మన షాపు తరఫున నలుగురం పోయాం, నేను ఆడకపోయినా. గాబ్రియేలన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు, జేబులో పెన్నుతో సహా. బస్సు ఎక్కగానే అలవాటుగా సీట్లు లెక్కపెట్టాడు.

మూడు ఆటలు గెలిచాడు. నాలుగో ఆటలో ప్రొద్దుటూరు లెక్చరర్ ఒకాయన ఎదురుపడ్డాడు. ఈయన గండికోట దించగానే ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఎంతకు కొన్యావు పెద్దాయనా?"

"ఆరు వేలు."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

"అయ్యో! రెండు నెల్లు ఆగింటే నూటయాభైకి వస్తాండె కదా. ఎవరప్పా నీకు అంటగట్టింది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఊరికే నవ్వు. నేను ఆయన కుర్చీ వెనకే, చెయ్యి చాస్తే భుజం తగిలేంత దగ్గర నిలబడి ఉన్నాను.

"అంటగట్టేదేముండాది సార్. నాకు కావాల్సి కొనుక్కున్యా. మీ వంతు, ఆడండి" అన్నాడు గాబ్రియేలన్న.

ఓడిపోయాడు. వచ్చేటప్పుడు బస్సు మైదుకూరు దాటాక, "లెక్చరర్ బాగా ఆడినాడమ్మా" అన్నాడు.

నా దగ్గర కొన్నాడని చెప్పలేదు. నా పేరు చెప్పలేదు.

మార్చి 30, ఉగాది

బల్ల దగ్గరికి పచ్చడి తీసుకెళ్ళాను. అందరికీ పెట్టాను. చెబుదామనే తీసుకెళ్ళాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

రెండో అచ్చు పెట్టెలు వచ్చాయి. అదే బొమ్మ, అదే ఎర్రరాయి, అదే పెన్నానది. అడుగున మూలలో చిన్న 2 అంకె తప్ప తేడా లేదు. జెస్సీ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, నిలబడే పాకెట్ చింపి, కార్డుకు ముద్దు పెట్టుకుంది.

నా బీరువాలో మొదటి అచ్చువి ఇంకా రెండు మిగిలాయి. ఆన్‌లైన్‌లో కొత్త పెట్టె మొత్తం నాకు పడిన ధరకన్నా తక్కువకు దొరుకుతోంది. కంపెనీ తానే షాపులకు ఒక ధరకు ఇచ్చి, పెద్ద అమ్మకందారుకు ఇంకో ధరకు ఇస్తుంది. ఇద్దరి మధ్యా నలిగేది మేం. ఇదంతా నిజమే. కానీ ఈ నిజం వెనక నేను నక్కి ఉన్నాను, అది ఇంకో నిజం.

ఏప్రిల్ 20, ఈస్టర్

గాబ్రియేలన్న రాలేదు. హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి భయమేసింది.

ఏప్రిల్ 24, గురువారం

క్రాంతి కుమార్ ఫోన్. ఈసారి 'ఆలోచిస్తున్నారు' లేదు. తుంగభద్ర కూడా మళ్ళీ వేస్తున్నారట, మే పదిన ప్రకటన. "మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?"

"నాలుగు."

"అయితే మీకు రెండు వారాల టైముంది. మీరు మనవాళ్ళు కాబట్టి చెబుతున్నాను మేడమ్, పోయినసారి చెప్పినట్టే."

పోయినసారి చెప్పినట్టే.

ఫిబ్రవరి 10 పేజీ తీసి చూశాను. 'ఏవేవో చెప్పాడు' అని రాసుకున్నాను. ఎవరూ చదవని డైరీలో కూడా!

ఆ రోజు ఆయన 'ఏవేవో' చెప్పలేదు. "గండికోట ఏప్రిల్‌లో రెండో అచ్చు, ధర నూట యాభై లోపే" అన్నాడు. రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నాను.

ఏప్రిల్ 25

ఈరేష్ వచ్చాడు. పోయింది తిరిగి సంపాదించాలని తుంగభద్ర అడిగాడు. నాలుగు వేలు ఇస్తానన్నాడు.

"అమ్మను" అన్నాను.

"ఏమక్కా, ఇంగా పెరుగుతాదని దాచిపెట్టుకుంటాండావా?"

"అమ్మనంతే."

కోపంగా పోయాడు. వేరేచోట కొనడు కదా? ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట చెబితే వెనక మాట కూడా బయటికి వస్తుందని నోరు కట్టేసుకున్నాను. సగం మంచితనం ఎంత కంపు కొడుతుందో ఈ రోజు తెలిసింది.

రేపు కాదు, ఎల్లుండి ఆదివారం.

ఏప్రిల్ 27, ఆదివారం

చెప్పాను.

గాబ్రియేలన్న, జెస్సీ ఆడుతున్నారు. ఈరేష్ గోడకు ఆనుకుని ఫోన్‌లో ధరలు చూస్తున్నాడు. ఇంకో ముగ్గురున్నారు. "ఒక మాట చెప్పాలి" అన్నాను.

"మల్లా ధర పెంచినావా ఏందక్కా?" అన్నాడు ఈరేష్.

ఫిబ్రవరి పదిన తెలిసిందని చెప్పాను. పన్నెండున గాబ్రియేలన్నకు అమ్మానని చెప్పాను. తుంగభద్ర సంగతి కూడా చెప్పాను. నిలబడే చెప్పాను, క్లాసులోలాగా, వాక్యాలు తడబడకుండా. అదే నాకు అసహ్యమేసింది.

ముందు ఈరేష్ అందుకున్నాడు. "ఫిబ్రవరిలో నోరు తెరిసింటే నా మూడూ అమ్ముకునేటోన్ని కదక్కా! పెద్ద చదువు చదివినామె, మోసం చెయ్యదులే అని మా యమ్మకు చెప్పి కొంటి." ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆపలేదు. ఏ ముఖంతో ఆపాలి?

గాబ్రియేలన్న చేతిలో కార్డులు అలాగే ఉన్నాయి. వంతు ఆయనది. ఒకటి దించాడు. తర్వాత తలెత్తాడు.

"నాకు తెలుసులేమ్మా."

"ఎలా అన్నా?"

"నాలుగేండ్ల సంది వస్తాండా ఈడికి. ఒక్క రూపాయి తగ్గించినావా ఎప్పుడన్నా? ఆ పొద్దు అడక్కుండానే ఐదు నూర్లు తగ్గిస్తివి. పైన తొడుగులు ఊరికే ఇస్తివి. టికెట్ లేనోడు బస్సులో ఎట్ల ఉంటాడో తెలుసునా నీకు? నన్ను చూసి నవ్వుతాడు. ముసలోల్లకు లేసి సీటిస్తాడు. శానా మంచోని మాదిరి ఉంటాడు."

ఎవరూ నవ్వలేదు.

"ఇంటికి పోయినాక అనుమానమొచ్చె. మార్చిలో వార్తొచ్చినాక ఖాయమాయె. ఆరు ఆదివారాలు చూసినా, ఈ వారం చెప్తాదేమో, ఈ వారం చెప్తాదేమో అని. ఈస్టరుకు రాలే గానీ ఆ పొద్దు చర్చిలోనూ ఇదే ఆలోచన. పాస్టరు ఏం చెప్పినాడో కూడా ఇనలే."

ఆరు వేలు కవరులో పెట్టి తెచ్చాను. ముందు పెట్టాను. వేలితో వెనక్కి తోశాడు.

"దుడ్లు నాకొద్దు. కార్డు నాది, ఆడినా, కడపలో మూడు ఆటలు గెల్సినా. దాన్ని ఇయ్యను."

"మరి నేనేం చెయ్యాలి?"

"మీ నాయిన కథ మాకు ఎన్నిసార్లు చెప్పింటావు? నలభై ఒకటి రాసి కుర్చీ ఏసుకోని కూచ్చున్యాడని. ఆ బోర్డు బయటుండాది. మాకు నలుగురికి లోపల చెప్తే అయిపాయెనా?"

జెస్సీ లేచి, సుద్దముక్కల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

బయటికెళ్ళి బోర్డు మీద అంతా రాశాను. రోడ్డున వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, ఆగేవాళ్ళు ఆగి చదివారు.

ఏప్రిల్ 28, సోమవారం

ఎవరో బోర్డు ఫోటో తీసి పంపారు. తొమ్మిదింటికే క్రాంతి కుమార్ ఫోన్.

"ఏంటి మేడమ్ ఇది? నమ్మి చెబితే నడిబజార్లో రాస్తారా? వెంటనే చెరిపేయండి. లేదంటే మే నుంచి మీకు పెట్టెలు రావు. కంపెనీ పోటీలు కూడా మీ షాపుకు ఇవ్వం."

"ఇవ్వకండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. కొత్త పెట్టెలు లేకుండా ఈ షాపు ఎన్నాళ్ళు? ఆయన నమ్మి చెప్పాడన్నది నిజమే. ఆ నమ్మకం గాబ్రియేలన్న పళ్ళ మీద నడిచిందన్నదీ నిజమే. ఇది ధైర్యమా, నలుగురూ చూడాలని చేసే పనా? తెలియదు. చూడాలనే చేస్తున్నాననుకుందాం. చూడనీ.

ఏప్రిల్ 30

షాపు తెరవడానికి వెళ్ళేసరికి బోర్డు నున్నగా తుడిచి ఉంది. తడి ఇంకా ఆరలేదు.

ఉమామహేశ్. అడిగితే ఒప్పుకున్నాడు. "నువ్వు చెప్పకుంటే ఎవరికి తెలుసు? నాలుగు రోజులుంటే జనమే మర్చిపోతారు. నీ మీద నువ్వే చాటింపు వేసుకుంటావా? నేను ఆఫీసులో తలెత్తుకోవద్దా?"

నా మంచి కోసమే తుడిచాడు. నేను కూడా గాబ్రియేలన్నకు ఐదు వందలు మంచి కోసమే తగ్గించాను.

మళ్ళీ రాయొచ్చు. మళ్ళీ తుడుస్తాడు.

మే 1, గురువారం

పెయింటర్ మారెన్నను పిలిపించాను. పెళ్ళిళ్ళకు, ఎన్నికలకు గోడలు రాసే మనిషి. కాగితం మీద రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని గడ్డం గోక్కున్నాడు.

"ఇది ఎనామిల్‌తో రాస్తే ఇంగ పోదక్కా. బాగా ఆలోచించుకున్యావా?"

"అందుకే నిన్ను పిలిచింది."

"పేరు కూడానా?"

"పేరు పెద్దగా రాయి."

'గండికోట మళ్ళీ అచ్చవుతుందని నాకు ఫిబ్రవరి 10న తెలిసింది. చెప్పకుండా 12న అమ్మాను. ఇకపై నాకు తెలిసింది ఈ బోర్డు మీద ఉంటుంది. తి. శివలీల.' తెల్లరంగు. కింద ఒక జానెడు నలుపు వదిలాడు. అక్కడ సుద్దతో నేను రాశాను: తుంగభద్ర మళ్ళీ వస్తోంది, ఇప్పుడు కొనకండి.

సాయంత్రం ఉమామహేశ్ వచ్చి చూశాడు. గోటితో ఒక అక్షరం గీకాడు. రాలేదు. స్కూటర్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మే 3

ఈరేష్ షాపుకు వెళ్ళాను. మూడు గండికోటలూ నేను అమ్మిన ధరకే తిరిగి ఇమ్మన్నాను. డ్రాయరు లాగి, మూడూ కౌంటరు మీద పడేశాడు. డబ్బు తీసుకున్నాడు, నా వైపు చూడకుండా. గుంటూరు ఎండ ఇందులోకి లెక్క రాదని ఇద్దరికీ తెలుసు.

"రేపు వస్తావా?"

"చూస్తాలే."

మే 4, ఆదివారం

ఐదుగురు. ఈరేష్ రాలేదు. కొత్త పెట్టెలు లేవు, ఉన్న కార్డులే. జెస్సీ ఈరేష్ కుర్చీని నా వైపు తోసి, "నువ్వు కూచ్చో అక్కా ఈ పొద్దు. అమ్మింది చాల్లే, ఆడు" అంది. తుంగభద్రలు నాలుగూ బీరువాలోంచి తీసి తొడుగులు వేశాను. ఇక అమ్మకానికి కాదు.

గాబ్రియేలన్న ఆలస్యంగా వచ్చాడు. లోపలికి రాలేదు. బోర్డు ముందు ఆగి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుంచి చదివాడు. తర్వాత రోడ్డు వైపు తిరిగి గొంతెత్తాడు. రాయచోటి బస్సులో ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు. లేని మూడు పళ్ళ సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది.

"గండికోటా... గండికోటా! మల్లా అచ్చవుతాదని ఫిబ్రవరి పదిన తెలిసిందీ! చెప్పకుండా పన్నెండున అమ్మిందీ! తి. శివలీలా... శివలీలా!"

ఉగ్గాని బండి దగ్గర తింటున్నవాళ్ళు ప్లేట్లతోనే ఇటు తిరిగారు. ఆటోవాళ్ళు తలలు బయటపెట్టారు. ఎదురు మెడికల్ షాపాయన మెట్లు దిగి వచ్చాడు. గాబ్రియేలన్న చివరిదాకా చదివాడు, ఒక్క మాట వదలకుండా. తర్వాత గడప మీద ఉన్న నన్ను, నా వెనక బల్ల దగ్గరున్న వాళ్ళను చూశాడు.

"దిగేటోల్లు దిగండప్పా. ఉండేటోల్లు ఉండండి."

ఎవరూ లేవలేదు.

వీధి వీధంతా నా ముఖమే చూస్తోంది. కుర్చీని లోపలి నుంచి లాక్కొచ్చి, బోర్డు కింద వేసుకుని కూర్చున్నాను.